పెండింగ్ అంటే జీతం కాదు సుజ్జీ

తెనాలి

చి. సుజ్జికి అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలు పర్లేదు, మెట్లు మాత్రం ఎక్కనివ్వడం లేదు. సున్నుండలు, గోంగూర అందాయో లేదో నువ్వు చెప్పనే లేదు. కొరియర్ వాడి ట్రాకింగ్‌లో చేరినట్టే ఉంది. గోంగూర మీద నూనె తేలుతూ ఉండాలి. తగ్గితే కాచి చల్లార్చిన నూనె పొయ్యి, పచ్చి నూనె పోసేవు.

పని ఉండి రాయడం లేదు, ఊరికే రాస్తున్నా. భీమవరం అత్తయ్య ఫోన్ చేసి, "సుజ్జి ఉద్యోగం మానేసి కూపన్లు అమ్ముకుంటోందటగా వదినా" అంది. సినిమా హాలు దగ్గర బ్లాకు టికెట్ల లాంటివి అనుకుందో ఏమో. నేను ఔననలేదు, కాదనలేదు. నువ్వేమో దసరా నుంచి ఏ మెసేజీకైనా బొటనవేలు బొమ్మ తప్ప జవాబివ్వడం లేదు. సరే, ఆ సంగతి పక్కన పెట్టు. నేను దాని కోసం రాయడం లేదు.

నీ కుట్టు బ్లాగు చూశాను. ప్రిన్సెస్ కట్ బ్లౌజు కటింగ్ పోస్టు ఎంత బాగుందో. చంక రౌండు దగ్గర అర అంగుళం ఎందుకు వదలాలో బొమ్మ గీసి మరీ చెప్పావు. దాని కిందే ఒక బట్టల సైటు కూపన్లు పెట్టిన నీ పేజీకి లింకు ఉంది. అక్కడి లింకుల మీదుగా ఎవరైనా కొంటే నీకు కమిషన్, అఫిలియేట్ పని అంటారు కదా, అది. నొక్కాను. ఇరవైకి పైగా కోడ్లు, అన్నిటికీ పైన "ఫ్లాట్ 200 ఆఫ్". 740 రూపాయల కాటన్ బిట్టు బుట్టలో వేసి కోడ్ కొడితే చెల్లదంది. షరతులు తెరిచి చూస్తే బిల్లు కనీసం 999 ఉండాలి, కొత్త కస్టమర్ అయి ఉండాలి, పైగా యాప్‌లోనే చెల్లుతుంది. ఈ మూడింట్లో ఒక్కటైనా నీ పేజీలో రాయలేదు. బ్లౌజు కొలతల్లో నిన్ను నమ్మిన మనిషి ఇక్కడ ఒక్కసారి భంగపడితే ఆ కొలతల్ని కూడా అనుమానిస్తుంది.

ప్రతి కోడూ పెట్టేముందు ఇన్‌కాగ్నిటోలో, అంటే బ్రౌజర్లో పాత గుర్తులేవీ లేని కిటికీలో, సైటు తెరిచి, కనీస బిల్లుకు ఒక రూపాయి తక్కువగా ఒకసారి, ఎక్కువగా ఒకసారి బుట్ట నింపి చూడు. పాత లాగిన్‌తో ఒకసారి, లాగిన్ లేకుండా ఒకసారి. బ్యాంకు కార్డు ఆఫరైతే ఏ కార్డో, ఈఎమ్ఐకి వర్తిస్తుందో లేదో చూడు. చూసిన తేదీ కోడ్ పక్కనే వెయ్యి. గడువు తీరినవాటిని అడుక్కి నెట్టడం కాదు, తీసెయ్యి. నెల మారగానే హెడ్డింగులో నెల పేరు మార్చి కింద పాత కోడ్లే ఉంచే పద్ధతి అందరూ చేస్తున్నారని నువ్వూ చెయ్యకు. చెల్లే కోడ్లు నాలుగే ఉంటే నాలుగే ఉంచు.

యాప్ కోడ్లతో ఇంకో చిక్కుంది. చదివే మనిషి ఫోన్లో నీ లింకు నొక్కగానే సైటు బదులు యాప్ తెరుచుకుంటుంది. ఆ కంపెనీ, మీ ఇద్దరి మధ్య లెక్క చూసే అఫిలియేట్ నెట్‌వర్క్‌తో యాప్ ట్రాకింగ్ పెట్టుకోకపోతే నీ క్లిక్కు అక్కడితో గల్లంతు. ఆమెకు తగ్గింపు వస్తుంది, కంపెనీకి అమ్మకం వస్తుంది, నీకు సున్నా. క్యాంపెయిన్ వివరాల్లో యాప్ ట్రాకింగ్ ఉందా లేదా అని రాసే ఉంటుంది, లింకు తీసుకునే ముందే చూడాలి. కొత్త కస్టమర్‌కి ఒక రేటు, పాత కస్టమర్‌కి ఒక రేటు అనేది కూడా అక్కడే ఉంటుంది. ఒక్కో కోడ్‌కీ ఒక్కో సబ్‌ఐడీ, అంటే లింకుకి తగిలించే గుర్తు, పెట్టుకో. లేకపోతే ఏ కోడ్ డబ్బు తెస్తోందో, ఏది చోటు తింటోందో ఎప్పటికీ తెలియదు.

అన్నట్టు, జుట్టు రాలుతోందన్నావు. రాత్రి 12కి సేల్ మొదలవుతుందని మేలుకుని కోడ్లు మారుస్తూ కూర్చుంటే రాలక ఏం చేస్తుంది? వారానికి రెండుసార్లు కొబ్బరినూనె పెట్టుకో.

అసలు అత్తయ్య మాట నిజమే అయితే (నిజమని నేననడం లేదు) నువ్వు చూసి మురిసిన అంకె ఏదో నాకు తెలుసు. ఆడిట్ ఆఫీసులో నా బల్ల మీదకు వచ్చే పిల్లలందరూ అదే స్క్రీన్‌షాట్ చూపిస్తారు. డ్యాష్‌బోర్డులో "పెండింగ్" అని పచ్చగా కనపడుతుంది చూడు, అది. అది డబ్బు కాదు తల్లీ. లెక్క వెయ్యి. నీ కూపన్ పేజీకి వెయ్యి మంది వచ్చారనుకుందాం. 250 మంది లింకు నొక్కి, 8 మంది కొన్నారు. ఒక్కో బిల్లు 1,500, అందులో జీఎస్టీ, డెలివరీ చార్జీ తీసేస్తే కమిషన్ లెక్కకు 1,400 అనుకో. 5 శాతం చొప్పున 560 పెండింగ్‌లో కనపడుతుంది. తర్వాత ఒకామె సైజు కుదరలేదని తిప్పి పంపుతుంది, ఇంకొకామె క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి తలుపు తియ్యదు. మిగిలిన 6 ఆర్డర్ల మీద 420. టీడీఎస్, అంటే ముందే కోసుకునే పన్ను, 2 శాతం పోతే చేతికి 411 రూపాయల 60 పైసలు. వెయ్యి మందికి అంతే. అది కూడా ఎప్పుడు? సరుకు వాపసు గడువు దాటాలి, కంపెనీ వాలిడేట్ చెయ్యాలి, అంటే ఆర్డరు సరైందేనని ఒప్పుకోవాలి, కంపెనీ నెట్‌వర్క్‌కి కట్టాలి, నెట్‌వర్క్ నీకు కట్టాలి. అక్టోబర్ ఆర్డరు డబ్బు జనవరిలో వస్తే త్వరగా వచ్చినట్టు. దసరా, దీపావళి సేల్స్ చూసి రాజీనామా రాసినవాళ్లు సంక్రాంతికి చార్జీలకు ఇంటికి ఫోన్ చేస్తారు. నిన్ననడం లేదు, లోకంలో సంగతి చెబుతున్నా.

లాస్ట్ క్లిక్ అనేది కూడా తెలుసుకదా? ఒకామె నీ పోస్టు చదివి, నీ లింకుతోనే వెళ్లి, బుట్ట నింపుకుని, డబ్బు కట్టేముందు "కూపన్" అని గూగుల్‌లో వెతికి ఇంకోడి పేజీ నొక్కిందంటే మామూలుగా కమిషన్ వాడికే. 2024 డిసెంబరులో హనీ అనే, కూపన్ కోడ్లు వెతికిపెట్టే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ మీద ఒక యూట్యూబర్ చేసిన ఆరోపణ కూడా ఇలాంటిదే, చివరి నిమిషంలో పక్కవాడి కమిషన్ తన ఖాతాలో వేసుకుంటోందని. పేపాల్ దాదాపు 400 కోట్ల డాలర్లు పోసి కొన్న ఎక్స్‌టెన్షన్ అది. అంత పెద్ద చేపలున్న చెరువు ఇది.

నీకు ఎవరో "లింకు నొక్కక్కర్లేదు, పేజీ తెరవగానే కుకీ పడేలా చేసే ప్లగిన్ ఉంది" అని చెప్పారట, చిన్నోడు అన్నాడు. కుకీ అంటే ఎవరి లింకు మీదుగా వచ్చారో బ్రౌజర్లో గుర్తుగా ఉండిపోయే చీటీ, ప్లగిన్ అంటే బ్లాగుకు తగిలించే చిన్న ప్రోగ్రాం. ఇక్కడ కాస్త వివరంగా చెబుతా, విను. అమెరికాలో షాన్ హోగన్ అని ఒకడు ఉండేవాడు, ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీకి పెద్ద అఫిలియేట్. బ్లాగర్లకు ఉచితంగా ఒక విడ్జెట్ ఇచ్చాడు, మీ బ్లాగుకు ఏ ఊరి నుంచి ఎవరొచ్చారో చూపిస్తుందని. ఉచితం కదా అని జనం ఎగబడి పెట్టుకున్నారు. ఆ బ్లాగు తెరిచిన ప్రతివాడి కంప్యూటర్లోనూ కంటికి కనపడకుండా ఈబే కుకీ పడేది. వాడు ఏ లింకూ నొక్కలేదు, హోగన్ పేరే వినలేదు. తర్వాత ఎప్పుడో తనంతట తాను ఈబేకి వెళ్లి ఏదో కొంటే, కమిషన్ హోగన్‌కి. ఏళ్ల తరబడి ఇలా నడిచి, మొత్తం మీద ఈబే నుంచి అతనికి 2 కోట్ల 80 లక్షల డాలర్లు ముట్టాయి. ఈబేకి అనుమానం రానే వచ్చింది. 2007లో ఎఫ్‌బీఐ వాళ్లు తలుపు కొట్టారు, 2008లో ఈబే సివిల్ దావా వేసింది, 2010లో క్రిమినల్ కేసు. చివరికి వైర్ ఫ్రాడ్, అంటే ఫోను, నెట్ లాంటివాటి మీదుగా చేసే మోసం, ఒప్పుకున్నాడు. 2014లో 5 నెలల జైలు, 25,000 డాలర్ల జరిమానా. బ్రయన్ డన్నింగ్ అని ఇంకొకడికి ఇలాంటి పనికే 15 నెలలు పడ్డాయి. దీన్ని కుకీ స్టఫింగ్ అంటారు. "కోడ్ చూపించు" అనే బటన్ నొక్కితే కోడ్ కనపడి, కంపెనీ సైటు వేరే ట్యాబ్‌లో తెరుచుకోవడం వేరు. అక్కడ మనిషి తెలిసి నొక్కుతున్నాడు, అది చాలా నెట్‌వర్కులు ఒప్పుకుంటాయి. ఎవరూ నొక్కకుండా పడేది దొంగతనం. ఆ ప్లగిన్ పెట్టి ఉంటే ఇవాళే తీసెయ్యి. చెప్పినవాడి నంబరు కూడా.

ఖాతా మూతపడే దారులు ఇంకా ఉన్నాయి. కంపెనీ పేరు పక్కన కూపన్ అని చేర్చి గూగుల్‌లో యాడ్ పెడితే బ్రాండ్ బిడ్డింగ్ అంటారు, చాలా క్యాంపెయిన్లలో నిషేధం, పట్టుబడితే నెల కమిషన్ మొత్తం రద్దు. నీకు ఈమెయిల్లో వచ్చిన సొంత కోడ్, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరికో ఇచ్చిన కోడ్ తెచ్చి పేజీలో పెట్టకు. నెట్‌వర్క్ ఫీడ్‌లో, అంటే వాళ్లు పంపే కోడ్ల జాబితాలో, ఇచ్చినవే పెట్టాలి, లేకపోతే ఆ ఆర్డర్లన్నీ రిజెక్ట్ చేస్తారు. అమెజాన్‌లో నీ లింకుతో నువ్వు కొనకూడదు, బంధువులతో కొనిపించకూడదు. కాబట్టి చిట్టి పిన్నికి మిక్సీ లింకు పంపడం ఆపు, ఆవిడ మన సత్యంగారి షాపులో కొనుక్కుంటుంది. అమెజాన్ కుకీ 24 గంటలే ఉంటుందని, మొదటి 180 రోజుల్లో 3 అమ్మకాలు రాకపోతే ఖాతా తీసేస్తారని నీకు తెలిసే ఉంటుంది.

లింకుకి రెల్ స్పాన్సర్డ్ అనే ట్యాగు, ఇది డబ్బు వచ్చే లింకని గూగుల్‌కి చెప్పేది, పెట్టు, గూగుల్ 2019 నుంచి అడుగుతోంది. ఈ లింకుల మీద నీకు కమిషన్ వస్తుందని పేజీ పైనే తెలుగులో రాయి, అడుగున చీమ అక్షరాల్లో కాదు. "ఇంకా 10 నిమిషాలే" అని నీ పేజీలో పరుగెత్తే ఆ గడియారం, పేజీ తిరిగి తెరిస్తే మళ్లీ పది నుంచి మొదలవుతోంది. 2023 నవంబరులో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను బోల్తా కొట్టించే సైటు ఎత్తులు) మార్గదర్శకాల్లో ఇలాంటి ఉత్తుత్తి తొందరే మొదటిది. తీసెయ్యి. ఇక గూగుల్ సంగతి. 2024 మేలో అమెరికాలో పెద్ద పెద్ద పత్రికల కూపన్ పేజీలే వెతుకులాటలోంచి ఎగిరిపోయాయి, వాళ్ల పేరు మీద బయటివాళ్లు నడుపుకుంటున్నారని. నీది అలాంటిది కాకపోయినా, కోడ్లు తప్ప ఏమీ లేని పేజీని అది ఎన్నాళ్లు పైన ఉంచుతుంది? లైనింగ్ గుడ్డ ఎన్ని మీటర్లు కావాలో చెప్పే పోస్టులో, ఆ గుడ్డ కోడ్ ఒక్కటే, షరతులతో సహా పెట్టు. అక్కడ నొక్కేది కొనే మనిషి.

పన్ను సంగతి. ఈ కమిషన్ మీద టీడీఎస్ కోస్తారు, 1961 ఆదాయపన్ను చట్టంలో అది 194హెచ్ సెక్షన్. 2024 అక్టోబరు నుంచి 5 శాతం బదులు 2 శాతం. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 20,000 దాటితేనే. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. ఎవరో వీడియోలో 44ఏడీ (చిన్న వ్యాపారాలు లెక్కల పుస్తకాలు లేకుండా అంచనా లాభం మీద పన్ను కట్టే సెక్షన్) పెట్టి 6 శాతం లాభం చూపితే చాలన్నారట. కమిషన్ ఆదాయానికి ఆ వెసులుబాటు లేదు. 2025 కొత్త చట్టంలో నంబర్లు మారినా రూలు అదే. ఐటీఆర్-3 రిటర్ను వేసి, ఖర్చుల బిల్లులు చూపించుకోవాలి. హోస్టింగు, డొమైన్, నెట్ బిల్లులో పని వాటా, ల్యాప్‌టాప్ మీద 40 శాతం తరుగుదల. బిల్లులన్నీ ఒక కవర్లో వెయ్యి, ఫోన్ గ్యాలరీలో కాదు. కట్టాల్సిన పన్ను 10,000 దాటితే అడ్వాన్స్ ట్యాక్స్ జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15లకు. జీఎస్టీ ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటినప్పటి మాట.

ఉద్యోగంలోనే ఉంటే ఆఫర్ లెటర్‌లో వేరే వ్యాపారం చెయ్యకూడదనే క్లాజు ఉందేమో చదువు. మానేసి ఉంటే, ఊరికే అంటున్నా, కంపెనీ ఆరోగ్య బీమా ఆఖరి రోజుతో సరి. సొంత పాలసీ తీసుకునే దాకా స్కూటర్ తియ్యకు. పీఎఫ్ కదిలించకు, సర్వీసు 5 ఏళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. మానే ఆలోచన ఉంటే నా లెక్క ఇది: అక్టోబరు, నవంబరు తీసేసి, మిగతా పది నెలల్లో బ్యాంకులో పడ్డ డబ్బు సగటు తియ్యి. అది నీ ఇంటద్దె, తిండి, బీమా కలిపినదానికి ఒకటిన్నర రెట్లుండాలి. పైగా ఏడాది ఖర్చు పక్కన ఉండాలి. ఉంటే మానెయ్యి, అత్తయ్యకు నేను సమాధానం చెబుతా. లేకపోతే ఆ మేనేజరు మొహం ఇంకో ఏడాది చూడు.

గడిచిన ఏడాది వాలిడేషన్ రిపోర్టు పంపు. ఎక్సెల్‌లో పంపు, స్క్రీన్‌షాట్ వద్దు. ఆర్డర్ తేదీ, అప్రూవ్ అయిన తేదీ, డబ్బు పడ్డ తేదీ విడివిడిగా ఉండాలి. రిజెక్ట్ అయినవి దాచకు, కారణాల కాలమ్‌తో సహా కావాలి. 26ఏఎస్, అంటే నీ పేరు మీద కోసిన పన్ను చూపే పత్రం, కూడా తీసి పంపు, టీడీఎస్ సరిపోల్చాలి.

అమ్మ

తా.క. కుక్కరు గాస్కెట్ 3 లీటర్లదా, 5 లీటర్లదా? రెండుసార్లు అడిగాను. బొటనవేలు బొమ్మ పెడితే ఏ సైజని కొనను?