ఇల్లందు బొగ్గు బాయిల జాడలను నడిచి చూసే దారి కావాలి

సంపాదకులకు నమస్కారం.

సింగరేణి అనగానే ఇప్పుడు అందరికీ కొత్తగూడెం, రామగుండం, మణుగూరు, భూపాలపల్లి గుర్తుకు వస్తాయి. వీటన్నిటికంటే ముందు బొగ్గు తీసిన ఊరు మా ఇల్లందు. భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఈ ప్రాంతంలో బొగ్గు ఉన్నట్లు గుర్తించగా, 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు పొంది, 1889లో ఇక్కడే తవ్వకం మొదలుపెట్టింది. భద్రాచలం వెళ్లే యాత్రికులు పొయ్యికి పెట్టుకున్న నల్లరాళ్లు వంటచెరకుతో పాటు అంటుకుని మండాయన్న కథ వింటూ పెరిగిన వాళ్లం మేము. పాతతరం వారికి ఇది ఇప్పటికీ బొగ్గుట్టే. ఇటువంటి ఊరిలో గనుల ఆనవాళ్లను కాలినడకన చూసి రావడానికి ఒక దారిని గుర్తించి, తగిన వివరాలతో బోర్డులు పెట్టించాలని సింగరేణి యాజమాన్యాన్ని, పురపాలక సంఘాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

సెలవులకు వచ్చిన మా మనవడిని మొన్న ఉదయం వెంటబెట్టుకుని ఊరంతా తిరిగాను. ఇక్కడి వాడలకు అంకెలే పేర్లు ఎందుకయ్యాయని వాడు అడిగాడు. 21 ఇంక్లైన్, 24 ఏరియా అని గనుల నంబర్లను బట్టి మేము రోజూ పలికే మాటలు కొత్తవారికి వట్టి లెక్కల్లా వినిపిస్తాయని నాకు అప్పుడే తట్టింది. నిట్టనిలువుగా దిగే బాయికీ, ఏటవాలుగా లోపలికి పోయే ఇంక్లైన్‌కూ తేడా ఏమిటో, ఇనుప తాడుతో టబ్బులను (బొగ్గు నింపే తొట్టి బండ్లను) పైకి లాగే హాలేజీ ఎలా పనిచేసేదో, డోర్నకల్ వైపు నుంచి ఇంత దూరం రైలు పట్టాలు ఎందుకు వేశారో నిలబడిన చోటనే చెప్పగలిగాను. అదే ఇంట్లో కూర్చుని చెబితే వాడు రెండు గంటల సేపు వినేవాడు కాదు. బాయి, కార్మికుల వాడ, దొరల బంగళాలు ఒకదానికొకటి ఎంతెంత దూరంలో ఉండేవో, సైరన్ కూత వినగానే మనిషి ఎంత వడిగా అడుగు వేయాల్సి వచ్చేదో నడిస్తే గాని అర్థం కాదు.

ఈ నడకలకు విశ్రాంత కార్మికులే దారి చూపాలని నా గట్టి అభిప్రాయం. కర్రతో పైకప్పును తట్టి, ఆ చప్పుడును బట్టి కింద నిలబడవచ్చో లేదో చెప్పగలిగిన వారు, తట్టా చెమ్మస్‌తో (పారతో) టబ్బులు నింపిన వారు, మస్టరు (హాజరు) పడలేదని, ఆ రోజుకు పని లేక వెనుదిరిగి వచ్చిన రోజులు చూసిన వారు ఇంకా మన మధ్య ఉన్నారు. ఏటేటా వారి సంఖ్య తగ్గుతోంది. వారి మాటలను ఇప్పుడే రికార్డు చేయించి, నడకకు ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేయిస్తే బడి పిల్లలకు కూడా పనికివస్తుంది. వారికి తగిన గౌరవ వేతనం ఇవ్వడం కూడా న్యాయం.

భద్రత విషయంలో మాత్రం ఏ సడలింపూ ఉండకూడదు. బొగ్గు తీసేసిన చోట నేల కుంగే అవకాశం ఉంటుంది. మూసివేసిన గని నోళ్ల దగ్గరకు, ఓపెన్‌కాస్టు (పైనుంచి నేలను తవ్వే గని) అంచులకు ఎవరూ వెళ్లకూడదు. అందువల్ల గని మూసినప్పుడు తయారుచేసే ప్లాన్లను దగ్గర పెట్టుకుని, ఎక్కడ నడవవచ్చో సర్వేయర్లే నిర్ణయించి, మిగిలిన చోట్ల కంచె వేయించాలి. పాడుబడిన కట్టడాలను, పాత యంత్ర భాగాలను తుక్కు కింద తీసివేసే ముందు ఒక్కసారి ఫొటోలు తీయించి, ఉంచదగినవాటిని ఉన్నచోటనే ఉంచాలి. యంత్రాన్ని అక్కడి నుంచి కదిలించి ఏ పార్కులోనో రంగు వేసి నిలబెడితే, అది దేనికి పనికివచ్చేదో చూసేవారికి తెలియదు.

దీనికి పెద్ద ఖర్చు కూడా కాదు. హైదరాబాదులో చార్మినార్ పరిసరాల్లో వారసత్వ నడకలు జరుగుతున్నప్పుడు, తెలంగాణకు వెలుగునిచ్చిన బొగ్గు పుట్టిన ఊరిలో నెలకు ఒక ఆదివారం ఉదయం అటువంటిది జరపడం అసాధ్యం కాదు. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో డిసెంబరు 23న ఏర్పడింది గనుక, ఆ రోజున ఏటా జరిపే సింగరేణి ఆవిర్భావ దినోత్సవంలో భాగంగా ఈ ఏడాదే మొదటి నడకను ఇల్లందు నుంచి ప్రారంభించాలని మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఇల్లందు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా