చేర్చుకోవడానికి కాదు, నేర్పడానికి పరీక్షించండి

సంపాదకులకు నమస్కారం.

బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. పట్నాల్లో నర్సరీ, ఎల్‌కేజీ సీట్ల కోసం మూడేళ్లు, నాలుగేళ్ల పిల్లలను ‘ఇంటరాక్షన్’ పేరుతో ఓ గదిలోకి తీసుకెళ్లి రంగుల పేర్లు, ఏబీసీడీలు, ఇరవై దాకా అంకెలు అడగడం ఈ ఏడాదీ ఆగలేదు. అమ్మానాన్నలు బయట టెన్షన్‌తో కూర్చుంటారు. కొత్త మనిషిని చూసి బిడ్డ నోరు విప్పకపోతే ‘ఇంకా రెడీగా లేడండీ’ అని పంపేస్తారు. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఎక్కువ కాలం ఒకటో తరగతికే చెప్పి రిటైరైన టీచర్ని. చిన్నపిల్లలకు ఏమొచ్చో తెలుసుకోవడం చాలా అవసరమైన పని. ఆ పనిని గేటు దగ్గరి వడపోతగా మార్చేయడం నాకు బాధగా ఉంది.

విద్యాహక్కు చట్టం, 2009లోని 13వ సెక్షన్ పిల్లలనుగానీ తల్లిదండ్రులనుగానీ ఇలా పరీక్షించి చేర్చుకోకూడదని స్పష్టంగా చెబుతోంది. తప్పు చేసిన బడికి మొదటిసారి రూ.25,000 వరకు, ఆ తర్వాత ప్రతిసారీ రూ.50,000 వరకు జరిమానా వేయొచ్చు. అయితే ఆ చట్టం లెక్కలో బాలలంటే 6 నుంచి 14 ఏళ్ల వాళ్లు. పేద పిల్లలకు ఇవ్వాల్సిన ఉచిత సీట్ల కోటా సంగతి వేరుగానీ, మిగతా నర్సరీ ప్రవేశాలకు ఈ చట్టం వర్తించదని 2013లో ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పింది. మన దగ్గర ప్రైవేటు చదువు మొదలయ్యేదే మూడేళ్లకు. ఎల్‌కేజీలో సీటు దొరికిన పిల్లలే ఒకటో తరగతికి వెళ్తారు. కాబట్టి అసలు వడపోతంతా చట్టానికి చేయి అందని వయసులోనే జరిగిపోతోంది. ఆరేళ్లలోపు పిల్లలకూ ఈ రక్షణ వర్తించేలా మన రెండు రాష్ట్రాలూ నిబంధన తేవాలి.

అలాగని పిల్లలకు ఏమొచ్చో చూడనే వద్దని నేననను. ఒకటో తరగతి టీచరుకు మొదటి నెలలో అంతకన్నా పెద్ద పని లేదు. ఒకే తరగతిలో యూకేజీ చదివొచ్చిన పిల్ల ఉంటుంది, అంగన్‌వాడీ నుంచి వచ్చినవాడు ఉంటాడు, అమ్మ మిరప కోతలకు వెళ్తే ఇంట్లో చెల్లెల్ని చూసుకుంటూ బడి మొహమే చూడనివాళ్లూ ఉంటారు. ఒకరికి ఐదేళ్లు అప్పుడే నిండుతాయి, పక్కనున్నవాడికి ఆరు దాటుతాయి. ఆ వయసులో ఏడాది తేడా చాలా పెద్దది. వీళ్లందరికీ ఒకే రోజు ‘అ’ దిద్దించడం మొదలుపెడితే సగం మందికి విసుగు, సగం మందికి భయం.

చూడటంలోనే ఉంది అసలు సంగతి. ఒకటి నుంచి యాభై దాకా గడగడా అప్పజెప్పే పిల్లను ‘ఆరు చింతగింజలు ఇవ్వమ్మా’ అని అడిగితే గుప్పెడు తీసి చేతిలో పోస్తుంది. లెక్క ఆమెకు పాటలా వచ్చింది, ఒక్కో గింజకూ ఒక్కో అంకె అన్న సంగతి ఇంకా తెలియలేదు. అదే తరగతిలో అంకె ఒక్కటీ రాయలేనివాడు ఐదుగురు కూర్చుంటే ఐదు గ్లాసులు తెచ్చి పెడతాడు. కాగితం మీద పరీక్ష పెడితే మొదటి పిల్ల పాసవుతుంది, రెండోవాడు ఫెయిలవుతాడు. నిజానికి కూడికలు మొదలుపెట్టడానికి వాడే ముందు సిద్ధంగా ఉన్నాడు. చదువు దగ్గరా అంతే. పలక నిండా అచ్చులు రాసే పిల్లలు ‘అరటి, అద్దం, ఇల్లు’ అని మూడు మాటలు చెప్పి మొదట్లో వేరుగా పలికేది ఏదని అడిగితే తెల్లమొహం వేస్తారు. అక్షరం చేతికి వచ్చింది కానీ, చెవికి రాలేదు. పుస్తకం ఇస్తే తిన్నగా పట్టుకుంటున్నారా, బొమ్మలు చూసి నాలుగు మాటలు కథ చెబుతున్నారా అన్నవి కూడా అక్షరాలు వచ్చా రావా అన్నంత ముఖ్యమైన సంగతులే. వీటికి ప్రశ్నపత్రం అక్కర్లేదు. గింజలు, గ్లాసులు, ఒక బొమ్మల పుస్తకం, పిల్లలతో కింద కూర్చునే టీచరు ఉంటే చాలు.

ఇంటి భాష మాట మర్చిపోకూడదు. భద్రాచలం ఏజెన్సీలో కోయ మాట్లాడే పిల్లలు, ఆదిలాబాద్‌లో గోండి పిల్లలు, తండాల్లో లంబాడీ పిల్లలు బడికొచ్చిన మొదటి వారాల్లో తెలుగులో అడిగితే జవాబు చెప్పరు. దాన్ని ‘ఏమీ రాదు’ అని రాసేస్తే ఆ మాట బిడ్డను ఏళ్లపాటు వెంటాడుతుంది. ఇంటి భాషలో అడిగితే వాళ్లు చెట్ల పేర్లు, మేకల లెక్క, సంత ముచ్చట్లు ఎన్ని చెబుతారో! ఆ భాష వచ్చిన మనిషిని, ఊళ్లోని తల్లినైనా సరే, పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి.

ఇంగ్లండులో 2021 సెప్టెంబరు నుంచి రిసెప్షన్ తరగతిలో (ఒకటో తరగతికి ముందుది, నాలుగేళ్లు నిండినవాళ్లది) చేరిన పిల్లలకు మొదటి ఆరు వారాల్లో సుమారు 20 నిమిషాల ముఖాముఖి అంచనా తప్పనిసరి చేశారు. దాన్ని బట్టి ఏడేళ్ల తర్వాత బడి పనితీరును లెక్కగట్టడం నాకు నచ్చలేదు, అక్కడి టీచర్లే చాలామంది వద్దన్నారు. కానీ ముందు చేర్చుకుని తర్వాత చూడటం, పిల్లలకు మార్కు అంటగట్టకపోవడం మనమూ నేర్చుకోదగ్గవే.

మనకూ పథకాలకు కొదవ లేదు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పునాదిగా రావాలని కేంద్రం 2021లో నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. ఒకటో తరగతిలో చేరినవాళ్లకు మూడు నెలల ఆటపాటల సన్నాహంగా ‘విద్యా ప్రవేశ్’ను ఎన్‌సీఈఆర్‌టీ అదే ఏడాది తయారుచేసింది. తెలంగాణలో ఇదే ఉద్దేశంతో 2022 ఆగస్టు 15న ‘తొలిమెట్టు’ మొదలైంది. ఉద్దేశాలు మంచివే. బడికి వచ్చేసరికి మాత్రం అవి పట్టికలు నింపడంగా, యాప్‌లో ఎక్కించడంగా మారుతున్నాయి. ఇద్దరే టీచర్లు ఐదు తరగతులు చూసే బడిలో ఒక్కో బిడ్డతో పదిహేను నిమిషాలు కూర్చోవాలంటే ఆ సమయం ఎక్కణ్నుంచి రావాలి? టీచరు తన నోటుబుక్కులో రాసుకున్న రెండు వాక్యాలు ఆ బిడ్డకు ఉపయోగపడినంతగా, పైఆఫీసుకు వెళ్లిన శాతాలు ఉపయోగపడవు. ఒకటో తరగతి టీచర్లకు మొదటి నెలంతా శిక్షణలు, సర్వేలు, డేటా పనులు లేకుండా ఉత్తర్వు ఇవ్వాలి. ఏకోపాధ్యాయ బడులకు ఆ నెల వరకైనా ఇంకొకరిని పంపాలి.

ఇంకొక్క విన్నపం. అంగన్‌వాడీలో బిడ్డ బరువు, ఎత్తు పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో నమోదవుతాయి. ఆ బిడ్డ ఏ ఆట ఆడతాడో, ఎవరితో మాట్లాడతాడో, ఏ భాషలో చెబితే అర్థమవుతుందో అంగన్‌వాడీ టీచరుకు బాగా తెలుసు. ఆ సంగతులు రాసిన కాగితం ఏ పిల్లవాడి వెంటా నా తరగతికి రాలేదు. అంగన్‌వాడీ ఒక శాఖది, బడి ఇంకో శాఖది కావచ్చు. చాలా ఊళ్లలో రెండింటికీ మధ్య ఒక గోడే అడ్డం. ఈ జూన్‌లో బడి తెరిచే ముందు ఇద్దరు టీచర్లూ ఒక పూట కలిసి కూర్చుని, చేరబోయే పిల్లల గురించి పేరుపేరునా మాట్లాడుకునేలా రెండు ప్రభుత్వాలూ ఒక రోజు కేటాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఖమ్మం జిల్లా