శివరాత్రికీ రోహిణి కార్తెకీ నడుమ

రాజమహేంద్రవరం,
ఏప్రిల్ 20.

చిరంజీవి రవికి అమ్మ దీవించి వ్రాయునది.

ఇక్కడ మేమిద్దరమూ క్షేమం. పోయిన ఆదివారం ఫోనులో నువ్వు కోప్పడినప్పుడు నేను మారు మాట్లాడలేదు. ఈ ఎండల్లో, ఆ పాత కారులో, కంటికి శుక్లాల ఆపరేషను అయిన మనిషిని వెంటబెట్టుకుని అడవులు పట్టి తిరగడమేమిటని అడిగావు. కారు అమ్మేసి, అవసరమైనప్పుడు క్యాబు పిలుచుకోమన్నావు. నీ బెంగ నాకు తెలియనిది కాదు. అయితే ఫోనులో చెబితే సగం మాట నువ్వు వింటావు, తక్కిన సగం నీ ఆఫీసు ఫోను మింగేస్తుంది. అందుకని కాగితం తీసుకున్నాను.

ముందు ఎండ సంగతి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చిన్నప్పుడు నీకూ చెప్పాను. ఆ రెండింటికీ నడుమ దాదాపు మూడు నెలలు ఉన్నాయన్న సంగతి ఇన్నేళ్లూ నాకే తట్టలేదు. మాఘం వెళ్లగానే కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టి, మృగశిర వచ్చేదాకా ఇంట్లో దాక్కోవడమే వేసవి అనుకున్నాము. నిజానికి చెట్టు చిగురించేదీ, పూసేదీ, కాయ పట్టేదీ ఆ రోజుల్లోనే. తూర్పు తెల్లబడ్డాకే బయలుదేరుతాము, 11 గంటలయ్యేసరికి ఎక్కడో ఒక నీడ పట్టున చేరతాము, ఎండ వాలాక కదిలి దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరతాము, లేదా ఉన్న ఊళ్లోనే ఆగిపోతాము. ఎదుటి లారీ దీపాలు మీ నాన్నగారి కంటికి సూదుల్లా గుచ్చుకుంటాయి కనుక రాత్రిపూట నడపడం పూర్తిగా మానేశారు. పులిహోర, పెరుగన్నం, రెండు సీసాల మజ్జిగ, మందుల డబ్బా నా ఒళ్లో ఉంటాయి.

ఫాల్గుణంలో మొదట కోరింగ వెళ్లాము. ద్రాక్షారామంలో స్వామిని చూసుకుని యానాం మీదుగా వెళ్లేసరికి సముద్రం ఆటు మీద ఉంది. మడ అడవిలో నడవడానికి చెక్కలతో దారి వేశారు. దాని కింద బురదలో నుంచి మడచెట్ల వేళ్లు మేకులు దిగేసినట్టు పైకి నిలబడి ఉంటాయి. ఉప్పు బురదలో గాలి ఆడదు కనుక చెట్టు ఆ వేళ్లతోనే ఊపిరి తీసుకుంటుందట. వాటి మధ్య వేలెడంత చేపలు నీళ్లు లేకుండానే బురద మీద గెంతుతూ ఉంటే మీ నాన్నగారు చిన్నపిల్లవాడిలా వంగి చూస్తూ నిలబడిపోయారు. పాపాయికి ఆ సంగతి చెప్పు. నీళ్లు వదిలి నేల మీద తిరిగే చేపను తాతగారు చూశారంటే అది నమ్మదు, నమ్మకపోతే సెలవులకు తీసుకురా.

ఉగాది వెళ్లిన మరుసటి వారం మారేడుమిల్లి ప్రయాణం పెట్టుకున్నాము. మన ఇంటి నుంచి సుమారు 85 కిలోమీటర్లు. కోరుకొండ, గోకవరం వరకు దారి నాకు కొత్త కాదు, గోకవరం నా పుట్టిల్లే కదా. నా చిన్నప్పుడు మా ఇంటికి చింతపండు, కొండచీపుళ్లు, విస్తళ్లు కుట్టడానికి అడ్డాకులు అన్నీ రంపచోడవరం వైపు నుంచే వచ్చేవి గాని, అవి వచ్చే చోటికి మాత్రం నేను ఎన్నడూ వెళ్లలేదు. ఆడపిల్లలకు అక్కడ పనేముందనేవారు మా నాన్నగారు. పని లేకుండా ఒక చోటికి వెళ్లడానికి నాకు 65 ఏళ్లు వచ్చాయి. పెళ్లికో, చావుకో, మొక్కుకో, నీ కాలేజీ ఫీజు కట్టడానికో తప్ప మేమిద్దరం ఊరు దాటిన గుర్తు లేదు.

రంపచోడవరం దాటి భూపతిపాలెం జలాశయం వెనకపడ్డాక కొండలు దగ్గరకు వచ్చేశాయి. మోదుగ పూత అప్పటికే వెనకబట్టింది. ఆకు రాల్చిన చెట్ల పక్కనే కొన్ని ఎర్రటి చిగుళ్లు తొడిగి, దూరానికి పూలేమో అన్నట్టు ఉన్నాయి. రోడ్డు వార ఇళ్ల ముందు చింతపండు కొట్టి, గింజ తీసి, చాపల మీద ఆరబోశారు. ఒక ఇప్పచెట్టు కింద ఒక ముసలమ్మ, ఆమె మనుమరాలు పువ్వు ఏరుతూ కనిపిస్తే కారు ఆపించాను. రాత్రి విచ్చి తెల్లవారుజామున రాలే పువ్వు కనుక, చెట్టు కింద నేలను ముందే ఊడ్చి ఉంచుకుంటారు. వెన్నముద్దల్లాంటి ఆ పూలను గుప్పెడు నా కొంగులో పోసిందామె. మీ నాన్నగారు ఒకటి నోట్లో వేసుకుని, పాతబెల్లం కుండలో చెయ్యి పెట్టినట్టుందన్నారు. ఎలుగుబంటికి కూడా ఇప్పపువ్వంటే ప్రాణమట, అందుకే చీకట్లో ఒంటరిగా రారట. పక్కనే గుత్తులుగా వేలాడుతున్న మామిడికాయలు రెండు ఇమ్మని నేను అడగబోతే ఆమె తల అడ్డంగా ఊపింది. వారి ఊళ్లో ఇంకా కొత్త మామిడి పండుగ కాలేదు. అది అయ్యేదాకా అక్కడి గిరిజనులైన కొండరెడ్లు కాయ ముట్టరు. చెట్టుకు పిందె కనబడితే చాలు రాయి విసిరే ఊళ్లో పుట్టినదాన్ని, కొంచెం సిగ్గుపడ్డాను.

మారేడుమిల్లిలో పచ్చి వెదురు బొంగుల్లో కోడి మాంసం కూరి, మూతికి ఆకులు బిగించి, నిప్పుల మీద కాలుస్తారని నీకు తెలుసు. చుక్క నూనె పడదు కనుక డాక్టరు మాట దాటినట్టు కాదని మీ నాన్నగారు తనకు తానే తీర్పు చెప్పుకుని తిన్నారు.

మరునాడు చింతూరు వైపు ఘాట్ రోడ్డులో దిగుతున్నప్పుడు ఒక పొరపాటు జరిగింది. దాచి చెబితే తరువాత నీకు ఇంకా కోపం వస్తుంది కనుక వ్రాస్తున్నాను. మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూనే దిగడం వల్ల కాసేపటికి ఏదో కాలుతున్న వాసన వచ్చింది, తొక్కితే బ్రేకు మునుపటిలా పట్టడం లేదన్నారు. అదృష్టవశాత్తు అక్కడ రోడ్డు పక్కన కాస్త జాగా ఉంది. వెనకే వచ్చిన జీపు డ్రైవరు, పాతికేళ్ల కుర్రవాడు, దిగి వచ్చి చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూసి, "ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి సార్, బండిని ఇంజనే పట్టుకుంటుంది. బ్రేకు వేడెక్కితే పట్టు పోతుంది" అని చెప్పి, ముప్పావు గంట కదలవద్దన్నాడు. నలభై ఏళ్లు ప్రభుత్వ జీపుల్లో తిరిగిన మనిషి ఆ కుర్రవాడి ముందు తల ఊపి ఊరుకున్నారు. ఆ ముప్పావు గంటా వెదురు పొదల నీడలో కూర్చున్నాము. పైన ఎక్కడో కొండగోరింక ఈల వేసింది. మా ఊళ్లో ఒక షావుకారు దాన్ని పంజరంలో పెట్టి రామనామం పలికించేవాడు. అడవిలో దాని సొంత గొంతు వినడం నాకు అదే మొదలు. తరువాత రెండో గేరులో, ఎడ్లబండి మీద వచ్చినట్టు నెమ్మదిగా దిగాము.

అసలు వ్రాయవలసినది మూడో ప్రయాణం గురించి. పోయిన గురువారం ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దాటి, ఆత్రేయపురంలో పూతరేకులు కట్టించుకుని, రావులపాలెం, రాజోలు దారిన అంతర్వేది వెళ్లాము. కోనసీమలో దాళ్వా వరి కోతలు సాగుతున్నాయి, ఎక్కడ చూసినా కొత్త గడ్డి వాసన. కొద్ది రోజుల్లో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. ఇంట్లో మేము మాట్లాడుకునేది మాత్రలు వేసుకున్నారా, కరెంటు బిల్లు కట్టారా అన్నంతవరకే. కారులో మాత్రం, చేతులు స్టీరింగు మీద, చూపు రోడ్డు మీద ఉన్నప్పుడు మీ నాన్నగారికి మాట వస్తుంది. ఎదురుగా కూర్చుంటే రాదు. ఈ మూడు ప్రయాణాల్లో నేను కనిపెట్టినది అదే.

రాజోలుకు ఇవతల వశిష్ఠ గోదావరి ఏటిగట్టు మీద ఒకచోట ఆయన కారు ఆపారు. కింద ఇసుక, దూరంగా సన్నటి పాయ, గేదెలు. "1986లో నేను నిలబడింది ఇక్కడే" అన్నారు. ఆ ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి గోదావరి పారింది. అప్పటికి నువ్వు పుట్టి మూడు వారాలు. గోకవరంలో నీ బారసాల నాడు మీ నాన్నగారు లేరు, పళ్లెంలో బియ్యం మీద నీ పేరు మా నాన్నగారు వ్రాశారు. వరదలో డ్యూటీ పడిందంటే అర్థం చేసుకున్నాను గాని, నీరు తీశాక కూడా పది రోజులు ఆయన రాలేదు, ఎందుకు రాలేదో ఎన్నడూ చెప్పలేదు. ఎన్ని తగవుల్లో ఆ మాట ఎత్తానో నువ్వూ విన్నావు.

ఆ రాత్రి గట్టు మీద ఇసుక బస్తాలు వేయిస్తున్నారట. వానలో, పెట్రోమాక్సు లైటు వెలుతురులో, కాళ్ల దగ్గర గట్టు జానెడు మేర బీటలు వారడం చూశారట. చూసి, కూలీలకు కేక వేయకుండానే పరుగెత్తారట. చాలా దూరం వెళ్లాక ఆగి, వెనక్కి వచ్చేసరికి వాళ్లు అక్కడే బస్తాలు వేస్తున్నారు. గట్టు నిలిచింది, ఎవరికీ ఏమీ కాలేదు, ఆయన పారిపోయిన సంగతి ఎవరూ గమనించను కూడా లేదు. "వాళ్లను వదిలి వచ్చినవాడిని, పురిటి పిల్లవాడిని ఎత్తుకోవడానికి చెయ్యి రాలేదు" అన్నారు. నేను ఏమీ అనలేదు. మజ్జిగ సీసా తీసి ఇచ్చాను. ఒక పడవ ఆ పాయ దాటేదాకా అక్కడే కూర్చుని, తరువాత అంతర్వేదిలో నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాము. ఆయన చెయ్యి నేను పట్టుకున్నానో, నా చెయ్యి ఆయన పట్టుకున్నారో చెప్పలేను, అలలు గట్టిగా ఉన్నాయి.

ఇదంతా నీకు వ్రాస్తానని ముందే చెప్పాను. "నువ్వు వ్రాయి, వాడికి నేను చెప్పలేను" అన్నారు. నువ్వు ఫోనులో ఈ ప్రస్తావన తేవద్దు. మే నెలలో వచ్చినప్పుడు ఆయన పక్క సీటులో నువ్వు కూర్చో, నేనూ కోడలూ పాపాయీ వెనక కూర్చుంటాము. తాటిముంజలు అప్పటికి ఇంకా దొరుకుతాయి. గట్టు దగ్గర ఆపమంటే ఆయనే ఆపుతారు.

పూతరేకులు నెయ్యి, బెల్లం వేసినవి రెండు పెట్టెలు విడిగా పంపుతున్నాను, ఫ్రిజ్‌లో పెట్టవద్దని కోడలికి చెప్పు. కారు సంగతి అడిగావు. బ్రేకు లైనింగులు నిన్న మార్పించాము. ముందు టైర్లు రెండూ కొత్తవి వేయించాము.

ఆశీస్సులతో,
అమ్మ