తలుపు వేసుకుంటానన్న అబ్బాయికి

చిరంజీవి చిన్నోడికి అమ్మ ఆశీస్సులు.

ఎదురుగా కూర్చుని చెబితే మధ్యలో నువ్వో మాట అంటావు, దానికి నేనింకో మాట అంటాను, అసలు సంగతి పక్కకు పోతుంది. అందుకే ఈ ఉత్తరం. నువ్వడిగినవి రెండు. ఆన్‌లైన్ క్లాసు జరుగుతున్నంతసేపూ గది తలుపు వేసుకుంటానన్నావు. బడి పోర్టల్లో నా లాగిన్‌తో నేను రోజూ తొంగిచూడడం మానెయ్యమన్నావు. "బళ్లో చదివే పిల్లల పక్కన వాళ్లమ్మలు కూర్చోరు కదా" అని ఓ ప్రశ్న కూడా వేశావు. మంచి ప్రశ్నే. కోపంలో అడిగినా మంచిదే.

బళ్లో అమ్మ కూర్చోదు, నిజం. కానీ అక్కడ అమ్మ బదులు చాలా ఉంటాయి. గంట కొడతారు కాబట్టి ఒక పీరియడ్ అయిపోయి ఇంకోటి మొదలైందని నువ్వు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పక్కవాడు పుస్తకం తీస్తే నీ చెయ్యి కూడా దానంతటదే సంచిలోకి పోతుంది. టీచరు పాఠం చెబుతూనే వరుసల మధ్య నడుస్తుంది, నీ బెంచీ దగ్గరికి వచ్చేసరికి కునుకు ఎగిరిపోతుంది. ఇందులో ఏదీ పాఠం కాదు. అయినా పాఠం తలకెక్కడానికి కావలసిన కట్టడి అంతా వీటిలోనే ఉంది, ఎవరికీ బరువు తెలియకుండా. ఆన్‌లైన్ బడి పాఠాన్ని ఇంటికి పంపింది గానీ ఆ కట్టడిని పంపలేదు. దాన్ని ఎవరో ఒకరు మొయ్యాలి. నేనెంత, నువ్వెంత అన్నదే మనిద్దరి తగువు.

ఈ తగువు మనింట్లోనే పుట్టిందనుకోకు. 1937లో అమెరికాలోని షికాగోలో పోలియో ప్రబలి బడులు తెరవడం వాయిదా వేసినప్పుడు పిల్లలకు రేడియోలో పాఠాలు చెప్పారు. ఏ స్టేషన్లో ఎప్పుడు ఏ పాఠమో పేపర్లో వేసేవారు. పాఠం మొదలయ్యే వేళకి పిల్లవాణ్ని రేడియో ముందుకు తెచ్చి కూర్చోబెట్టే పని మాత్రం ఇంట్లోవాళ్లదే. సందేహాలుంటే అడగమని తల్లిదండ్రుల కోసం ఫోన్ల దగ్గర టీచర్లను కూడా పెట్టారు. ఆస్ట్రేలియాలో 1951లో ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి మొదలైన స్కూల్ ఆఫ్ ది ఎయిర్ ఇంకా నడుస్తోంది. బడికి వెళ్లలేనంత దూరంలో, పశువులను పెంచే పెద్ద పెద్ద క్షేత్రాల్లో ఉన్న పిల్లలకు అప్పట్లో వైర్‌లెస్ రేడియోలో, ఇప్పుడు ఇంటర్నెట్‌లో పాఠాలు చెబుతారు. పిల్లవాడి పక్కన ఇంట్లో ఒక పెద్ద మనిషి ఉండడం అక్కడ పద్ధతిలో భాగం. హోమ్ ట్యూటర్ అంటారు. చాలా ఇళ్లలో అది తల్లే. చదువు ఇంటికొచ్చిన చోటల్లా ఇంట్లో ఒకరికి కొత్త ఉద్యోగం పడుతుందన్నమాట. జీతం మాత్రం ఎక్కడా ఉన్నట్టు లేదు!

పోనీ పెద్దవాళ్లయితే ఒంటరిగా నెట్టుకొస్తారా? ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలో హార్వర్డ్, ఎమ్ఐటీ యూనివర్సిటీలు నడిపిన కోర్సుల్లో 2017–18లో చేరినవాళ్లను లెక్కేస్తే పూర్తి చేసింది నూటికి ముగ్గురే. ఊరికే చూసిపోదామని చేరినవాళ్లు అందులో బోలెడుమంది ఉంటారు, ఒప్పుకుంటాను. అయినా కావాలని చేరిన పెద్దల సంగతే ఇలా ఉంటే, పదమూడేళ్లవాడు తెర ముందు ఒక్కడే కూర్చుని దిక్కులు చూశాడంటే అందులో వాడి గుణానికి వంకపెట్టాల్సింది ఏముంది? కాబట్టి "నామీద నమ్మకం లేదా" అన్న ప్రశ్న పక్కన పెట్టు. ఉంది.

ఇక తలుపు. వేసుకో.

లైవ్ క్లాసులకు వేసుకో. అక్కడ టీచరుంది, నీ పేరు పిలుస్తుంది, తోటిపిల్లలున్నారు. గడియ మాత్రం పెట్టకు. ఫోను హాల్లో ఉండాలి. కానీ రికార్డు చేసిన క్లాసులున్నాయే, అవి హాల్లోనే, నా కళ్లెదుటే చూడాలి. నువ్వు సరిగ్గా దీనికి తలకిందులుగా అడుగుతావని తెలుసు. లైవ్ క్లాసులో వెనక నేను తిరుగుతుంటే నీకు సిగ్గు, రికార్డింగయితే ఎవరున్నా ఫర్వాలేదు. నా లెక్క వేరు. రికార్డింగంత దయగల టీచరు ఇంకొకరుండరు. ఎన్నిసార్లయినా చెబుతుంది, ఎప్పుడు పిలిచినా వస్తుంది, ఎందుకు రాలేదని అడగదు. ఆ అడగకపోవడంలోనే ఉంది తిప్పలంతా. "తర్వాత చూస్తాలే" అన్నవి వారాంతానికి గుట్టపడతాయి, అప్పుడు రెట్టింపు వేగంతో పరిగెత్తించి చూసినట్టు టిక్కు పెట్టేస్తారు. ఆ చోట నీకు మనిషి కావాలి. పక్కన కూర్చుని వినను. నా పని నేను చేసుకుంటూ ఉంటాను, అంతే.

చెల్లి బల్ల ఎందుకు అటు తిప్పానని కూడా అడిగావు. నీ మీద కోపమొచ్చి కాదురా. కెనడాలో 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో, లెక్చరు వింటూ లాప్‌టాప్‌లో వేరే పనులు చేసినవాళ్లకు పరీక్షలో మార్కులు తగ్గాయి. అందులో వింత లేదు. వాళ్ల తెర కనబడేలా కూర్చున్నవాళ్లకు కూడా తగ్గాయి, పాపం, వాళ్లు బుద్ధిగా వింటున్నా సరే. నువ్వు క్లాసు మధ్యలో క్రికెట్ స్కోరు చూస్తే నీ ఒక్కడి పాఠంతో పోదు. అందుకని మీ ఇద్దరి తెరలూ ఒకరికొకరికి కనబడకూడదు.

కెమెరా సంగతిలో మాత్రం నీ పక్షాన సగం ఉన్నాను. రోజంతా నీ మొహం నీకే కనిపిస్తుంటే చిరాకన్నావు. స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్‌సన్ అనే ప్రొఫెసరు 2021లో ఇదే రాశాడు. వీడియో సమావేశాలు మనిషిని ఎందుకు అలసటపెడతాయో చెబుతూ, కళ్లముందే ఆగకుండా కనిపించే మన బొమ్మను, కెమెరా చట్రంలో కదలకుండా కూర్చోవాల్సి రావడాన్ని కూడా కారణాల్లో చేర్చాడు. నీ బొమ్మ నీకు కనబడకుండా దాచే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టుకో. టీచరుకు మాత్రం కనబడు. నల్లటి గళ్లతో మాట్లాడుతూ పాఠం చెప్పడం ఆవిడకు ఎంత కష్టమో ఓసారి ఊహించు. అర్థమయిందా లేదా అన్నది ఆవిడ మీ మొహాల్లోనే వెతుక్కోవాలి.

పోర్టల్ సంగతి. అటెండెన్స్ గడులన్నీ పచ్చగా ఉంటాయి. నాకు ఆ పచ్చదనం మీద పెద్ద గురి లేదు. లింకు నొక్కావని అది చెబుతుంది, విన్నావని చెప్పదు. కాబట్టి రోజూ చూడడం మానేస్తాను. ఆదివారం ఒక్కసారి, అదీ నువ్వు పక్కన ఉండగా, నీ చేత తెరిపించి చూస్తాను. టీచరు ఏదైనా రాస్తే ఆ రోజే చూస్తాను, చూసినట్టు నీకు చెబుతాను. నీకు తెలియకుండా నీ ఖాతాలోకి వెళ్లను.

దానికి బదులు నాకొకటి కావాలి. రోజు చివర ఏదో ఒక పాఠం, నీకు నచ్చిందే, పుస్తకం మూసి చెప్పు. నాకు చెప్పినా సరే, మీ నాన్నకి చెప్పినా సరే, చెల్లి వింటానంటే దానికయినా. అయిదు నిమిషాలు చాలు. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పిక్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం అచ్చేశారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు. కొందరు చదివి, పక్కన పెట్టి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే గెలిచారు. వారం తర్వాత అడిగితే తారుమారు. ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క ఏమిటంటే, చదివినవాళ్లకే తమకు బాగా గుర్తుంటుందన్న ధీమా ఎక్కువ. రికార్డింగు రెండోసారి చూశాక నీకొచ్చే "ఓ, ఇది నాకు తెలుసు" కూడా ఆ బాపతే. తెలుసో లేదో పుస్తకం మూస్తేగానీ తెలియదు. నువ్వు చెబుతుంటే మధ్యలో ఆగిపోతావు చూడు, ఆ ఆగిన చోటే మర్నాడు చదవాల్సింది. నేను దిద్దను. నాకు అర్థం కాకపోతే "అర్థం కాలేదు" అంటాను, అంతవరకే.

హోంవర్కు కూడా దిద్దను. మొన్న "నువ్వు లెక్క చెబితే అయిపోయేది కదా" అన్నావు. అయిపోయేది, నిజమే. నేను సరిచేసి పంపిన లెక్క చూసి మీ టీచరు ఈ పిల్లాడికి భిన్నాలు వచ్చేశాయనుకుంటుంది, పై పాఠానికి వెళ్లిపోతుంది. బళ్లో అయితే నీ పెన్సిల్ ఎక్కడ ఆగిందో ఆవిడకే కనబడేది. ఇప్పుడు ఆవిడకున్న కిటికీ నువ్వు పంపే ఆ ఒక్క పేజీ. అందులో నీ తప్పులు నీవిగానే ఉండనీ. చాట్‌బాట్ కూడా నా కిందే లెక్క. వివరణ అడుగు, నువ్వు రాశాక తప్పెక్కడుందో అడుగు, అది చెప్పినదాన్ని పుస్తకంతో సరిచూసుకో. దాని చేత రాయించి నీ పేరు పెట్టి పంపితే మాత్రం తగువే.

కళ్ల గురించి ఎక్కువ చెప్పను, విసుగు నీకు. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లు ఆర్పే రెప్పలు తెర ముందు అయిదారుకు పడిపోతాయి, మంట అందుకే. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరాన ఉన్నదేదైనా ఇరవై సెకన్లు చూడు. నువ్వడిగిన, తెర నీలికాంతిని ఆపే కళ్లజోడు కొనను. వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2023లో తెచ్చిన సమీక్షలో వాటితో కళ్ల అలసట తగ్గినట్టు తేలలేదు. హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనబడడం, దాని విషయంలో ఆరుబయట వెలుతురు మాత్రం పనిచేస్తుంది. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లలను రోజుకు 120 నిమిషాలు బయట ఉంచే కార్యక్రమమే పెట్టారు, హ్రస్వదృష్టి తగ్గించడానికి.

నాకు అన్నిటికంటే గుబులు పుట్టించేది స్నేహితుల సంగతి. బళ్లో అసలు కబుర్లు గంట కొట్టాకే మొదలవుతాయి, వరండాలో, మెట్ల మీద. ఇక్కడ గంట కొట్టగానే లింకు మూసుకుపోతుంది. బ్రేకవుట్ రూములో నలుగురిని కలుపుతారు గానీ పని ఇచ్చి కలుపుతారు, పని అవగానే విడదీస్తారు. ఏ పనీ లేకుండా పక్కపక్కన కూర్చోవడం అన్నది టైంటేబుల్లో ఎక్కడా లేదు. కాబట్టి సాయంత్రం మీ గుంపు హెడ్‌సెట్లు పెట్టుకుని ఆడుకుంటూ అరుచుకునే ఆ గంటను నేను తెర లెక్కలో వెయ్యను. మీ నాన్నతో ఈ విషయంలో నాకు పడదు, అది మేం చూసుకుంటాం. కానీ వారంలో రెండు సాయంత్రాలు మనుషుల మధ్యకి వెళ్లాలి. ఆటో, పాటో, చదరంగమో నువ్వే తేల్చుకో. వెళ్లనంటే మాత్రం ఒప్పుకోను. చెమటపట్టిన పిల్లలు నిన్ను తోసుకుంటూ పోవాలి, నువ్వు వాళ్లతో పోట్లాడి మళ్లీ మాట కలపాలి. మ్యూట్ నొక్కి తప్పించుకోవడానికి వీల్లేని చోట ఆ విద్య రావాలి.

సరే, ఇప్పుడు నీ వంతు. వచ్చే వారం టైంటేబులు నువ్వే రాయి. లైవ్ క్లాసుల వేళలు బడివాళ్లవి, మార్చలేం. రికార్డింగులు ఏ రోజు ఎప్పుడో, హోంవర్కు ఎప్పుడో, ఆట ఎప్పుడో నీ ఇష్టం. ఖాళీ గంటలు కూడా రాయి, లేకపోతే అవి వేరేవాటిలో కలిసిపోతాయి. ఆదివారం రాత్రికి నా చేతికివ్వు. ఈ టర్ము పరీక్షలదాకా ఇలా నడిపిద్దాం. రికార్డింగులు మళ్లీ గుట్టపడ్డాయనుకో, ఏది సడలించాలో ఏది బిగించాలో కూర్చుని మాట్లాడుకుందాం. పైన రాసినవాటిలో నీకు నచ్చనిదేదైనా ఉంటే ఈ కాగితం మీదే పక్కన రాసి తిరిగివ్వు. గడియ దగ్గర ఎలాగూ రాస్తావని తెలుసు, అందుకే అక్కడ కాస్త చోటు వదిలాను.

ఇట్లు,
అమ్మ

తా.క. చెల్లి హెడ్‌సెట్ మైకు పనిచేయడం లేదు. రేపు నీకు క్లాసు లేనప్పుడు నీది ఇస్తావేమో అడగమన్నాను. తలుపు తట్టే వస్తుంది.