స్టెంట్ తీసే తేదీ ఎవరు గుర్తుచేస్తారు?

సంపాదకులు గారికి,

కిడ్నీ, మూత్రనాళం ఆపరేషన్లకు మా గజపతి జిల్లా తెలుగువాళ్లలో చాలామంది విశాఖ వెళ్తారు, కొందరు బరంపురం వెళ్తారు. ఆపరేషన్లు బాగానే చేస్తున్నారు. ఆ తర్వాత రోగి ఏమయ్యాడన్నదే ఎవరికీ పట్టడం లేదు.

పర్లాకిమిడిలో మాది మందుల షాపు. ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు కాగితాల కవరు కౌంటర్ మీద పెట్టి, ‘ఏ మాత్ర ఎప్పుడేసుకోవాలో చెప్పండి బాబూ’ అంటారు. డిశ్చార్జి కాగితంలో మాత్రలన్నీ అయ్యాక అడుగున ఇంగ్లిషులో ఒక్క ముక్క ఉంటుంది, డీజే స్టెంట్ నాలుగు వారాల తర్వాత తీయించుకోవాలని. కిడ్నీ నుంచి మూత్రం కిందికి దిగేలా మూత్రనాళంలో పెట్టే సన్నని గొట్టమే ఈ స్టెంట్. లోపల గొట్టం ఉందన్న సంగతే కొందరికి తెలీదు. మా వీధిలో ఒకాయన నొప్పి తగ్గింది కదా అని ఏడాది పైనే ఉంచేసుకున్నాడు. చలిజ్వరం, మూత్రంలో రక్తం మొదలయ్యాక ఎక్స్‌రే తీస్తే గొట్టం రెండు కొసలా రాయి కట్టేసి ఉంది. కొద్ది నిమిషాల్లో లాగేయాల్సినదానికి మళ్లీ పెద్ద ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. రోజు కూలితో బతికే మనిషి. ఆసుపత్రి నుంచి ఒక్క ఫోన్ వచ్చుంటే ఈ బాధ తప్పేది.

సాధారణ స్టెంట్ మూడు నెలలు దాటితే ఉప్పు పేరుకోవడం, ఇన్ఫెక్షన్ రావడం ఎక్కువవుతాయి. తీసేశాక కూడా పని అయిపోదు. నాళం లోపల సన్నబడితే కిడ్నీ నొప్పి లేకుండానే వాచి, మెల్లగా పాడైపోవచ్చు. అందుకే కొన్ని వారాల తర్వాత అల్ట్రాసౌండ్ చేయించాలి. నాళం అడ్డు తీసే ఆపరేషన్ అయినవాళ్లకు కిడ్నీ బాగున్నా స్కాన్‌లో వాపు కొన్నాళ్లు కనిపిస్తుంది. మూత్రం సరిగా దిగుతోందో లేదో రీనోగ్రామ్ అనే ప్రత్యేక స్కాన్‌లోనే తేలుతుంది. ఆ పరీక్ష పెద్ద ఊళ్లలోనే ఉంది. దానికోసం గుణుపూర్ ప్యాసింజర్‌లో విశాఖ వెళ్లాలంటే ఒక రోజు కూలి పోయినట్టే, చాలామంది మానేస్తారు.

మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఆపరేషన్ ఒక రాష్ట్రంలో, రోగి ఇంకో రాష్ట్రంలో. ఇక అతని బాగోగులు కనుక్కునే బాధ్యత ఎవరిదీ కాకుండా పోతోంది. స్టెంట్ వేసిన ప్రతి ఆసుపత్రీ రిజిస్టరు పెట్టి, గడువు దగ్గరపడగానే ఫోన్ చేయాలి. తీసే తేదీని తెలుగులో, ఒడియాలో పెద్ద అక్షరాలతో కార్డు మీద రాసివ్వాలి, ఆ ఊరి ఆశా కార్యకర్తకూ తెలియజేయాలి. ఉద్దానం కిడ్నీ రోగుల కోసం 2023లో పలాసలో ప్రారంభించిన 200 పడకల ఆసుపత్రిలో సరిహద్దు ఒడిశా రోగులకూ ఈ స్కాన్లు చేసేలా రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకోవాలి.

ఈలోగా, మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఆపరేషన్ అయి ఉంటే ఆ కాగితాలు ఈ రోజే తీసి చూడండి. స్టెంట్ తీశారో లేదో అనుమానంగా ఉంటే డాక్టరు చేత ఒక ఎక్స్‌రే రాయించుకోండి, అందులో కనిపిస్తుంది.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా