నీరడి పని: శ్రీనుకు ఉత్తరం

హనుమకొండ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శ్రీనూ,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. పదకొండు నిమిషాలు ఆపకుండా మాట్లాడావు. ఫోన్లో జవాబు చెబితే సగం మరిచిపోతానని కూర్చుని రాస్తున్నాను. బాపుకు షుగర్ ఇప్పుడు కంట్రోల్‌లోనే ఉంది, నిన్ను అడిగాడు. చెల్లెను, చిన్నదాన్ని అడిగానని చెప్పు.

తొమ్మిదేళ్లు జావాలో కోడ్ రాశాక ఇప్పుడు ఇంటిగ్రేషన్ ఆర్కిటెక్ట్, అంటే కంపెనీ సిస్టమ్‌ల మధ్య డేటా దారులు గీసేవాడివి, కావాలంటే అమీర్‌పేటలో ఆ దారులు వేసే టూల్ మ్యూల్‌సాఫ్ట్ కోర్సు చేస్తే సరిపోతుందా అని కదా నువ్వడిగింది. చెయ్యి, డబ్బులేం వృథా కావు. కానీ ఆ కోర్సు నిన్ను ఇంటర్వ్యూ గడప దాకా తీసుకెళ్తుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. లోపలికి వెళ్లాక చేయాల్సింది మీ తాత చేసిన పనే.

నిజంగానే అంటున్నా. మీ తాత ఊరి చెరువు నీళ్లు పొలాలకు వంతుగా వదిలే నీరడి కదా. యాసంగిలో తెల్లారకముందే పార భుజాన వేసుకుని తూము దగ్గరికి పోయేవాడు, మనిద్దరం వెనక నడిచేవాళ్లం. ఎవరి మడి ఎంత, ఎవరి వరి పొట్టకొచ్చింది, ఈ రాత్రి ఎవరి వంతు అన్నీ ఆయన నోట్లోనే ఉండేవి. ఆ పొలాల్లో ఒక్కటీ ఆయనది కాదు. కానీ ఎవరి మడి ఎండినా మీ ఇంటి ముందుకే వచ్చేవాళ్లు.

పెద్ద కంపెనీలో మన స్థానం సరిగ్గా అదే. సేల్స్ వాళ్లకో సిస్టమ్, అకౌంట్స్‌కు శాప్ అనే సాఫ్ట్‌వేర్, గోడౌన్‌కు ఇంకోటి, జీతాలకు వేరేది. ఒక్కోదానికి ఒక్కో యజమాని ఉంటాడు. వాటి మధ్య పారే డేటాకు మాత్రం ఎవరూ ఉండరు. ఆ కాలువ మనది.

కాలువలు ఎందుకు చిక్కుపడతాయో లెక్క చూడు. 10 సిస్టమ్‌లను ఒకదానికొకటి నేరుగా కలుపుతూ పోతే 45 దారులు కావాలి. 20 అయ్యేసరికి 190. అందుకే మధ్యలో ఒక జంక్షన్ పెట్టారు, మన కాజీపేట లాగా. సికింద్రాబాద్ వైపు, బల్లార్షా వైపు, విజయవాడ వైపు లైన్లన్నీ అక్కడ కలుస్తాయి. సౌకర్యమే. కానీ కాజీపేటలో లైన్ ఆగితే మూడు వైపులా బండ్లు ఆగుతాయి కదా. ఈఎస్‌బీ (ఎంటర్‌ప్రైజ్ సర్వీస్ బస్) అని, అన్ని సిస్టమ్‌లనూ కలిపే ఒకే సాఫ్ట్‌వేర్‌లో అన్ని రూల్సూ కుక్కిన కంపెనీలు ఈ దెబ్బే తిన్నాయి. జంక్షన్‌లో బండి లైను మారాలి గానీ, సరుకు విప్పి మళ్లీ మూట కట్టే పని అక్కడ పెట్టుకోకూడదు. ఈ పని నాకు పుస్తకం చదివితే అర్థం కాలేదు, రాత్రి రెండింటికి ఫోన్ మోగితే అర్థమైంది.

ఆ రాత్రి సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఉద్యోగంలో నా మూడో ఏడు. క్లయింట్ పేరు వద్దులే. ఆర్డర్ల సిస్టమ్ నుంచి గోడౌన్ సిస్టమ్‌కు మెసేజ్ పంపే ముక్క నేనే రాశాను. 30 సెకన్లలో జవాబు రాకపోతే మళ్లీ పంపమని రాశాను, జాగ్రత్త అనుకుని. పండగ ముందు రోజు గోడౌన్ సిస్టమ్ నెమ్మదించింది. ఆర్డర్ తీసుకుంది, జవాబే ఆలస్యం చేసింది. నా కోడ్ రాలేదనుకుని మళ్లీ పంపింది. మూడోసారి కూడా. తెల్లారేసరికి ఒకే సరుకు రెండేసి, మూడేసి లారీలకు ఎక్కింది. ఫోన్లో గోడౌన్ ఇన్‌చార్జి గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన తిట్టలేదు. "బాబూ, హమాలీలు రాత్రంతా మోసిండ్రు, ఇప్పుడు దింపమని ఏ ముఖం పెట్టుకుని చెప్పాలె?" అన్నాడు.

నెల తర్వాత బాపుతో పత్తి తీసుకుని ఏనుమాముల మార్కెట్‌కు పోయాను. అక్కడ గుమస్తా తక్‌పట్టీ (అమ్మిన సరుకు లెక్క రాసిన చీటీ) చేతిలోకి తీసుకుని, నంబరు చూసి, పాత పుస్తకంలో వేలు పెట్టి వెతికి, లేదని చూసుకున్నాకే డబ్బులు లెక్కపెట్టాడు. అదే పట్టీ పదిసార్లు చూపించినా డబ్బులు ఒక్కసారే. నేను రాయనిది అదే. ప్రతి మెసేజ్‌కు ఒక నంబరు ఉండాలి, తీసుకునేవాడు ఆ నంబరు ముందే వచ్చిందేమో చూడాలి. ఇంటర్వ్యూల్లో దీన్ని ఐడెంపొటెన్సీ అంటారు. నువ్వు ఆ మాట కంటే ముందు ఆ గుమస్తా వేలును గుర్తుపెట్టుకో.

క్యూల సంగతి, అంటే మెసేజ్‌లు తమ వంతు వచ్చేదాకా ఆగే చోటు సంగతి కూడా మన నేల మీదే ఉంది. కాకతీయులు కట్టించిన గొలుసుకట్టు చెరువులు చూడు. వాన ఒక్క రాత్రిలో కురుస్తుంది, పొలం నెలల తరబడి తాగుతుంది. ఆ తేడాను చెరువు మోస్తుంది. నిండితే మత్తడి దూకి కింది చెరువులోకి పోతుంది. ఆఫర్ రోజున ఆర్డర్లు కుండపోతగా వస్తాయి, వెనకున్న ఈఆర్‌పీ, అంటే కంపెనీ లెక్కలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్, నిదానంగా తాగుతుంది. మధ్యలో క్యూ పెడతాం. చాలామంది క్యూ పెట్టి ఊరుకుంటారు, మత్తడి ఎక్కడో చెప్పరు. క్యూ నిండితే ఏం చేయాలి, చెడిపోయిన మెసేజ్ ఎటు పోవాలి, పొద్దున్నే దాన్ని ఎవరు చూడాలి, ఇవి రాయని డిజైన్ మీద నేను సంతకం పెట్టను.

ఇక అన్నిటికంటే కష్టమైనది మాటల అర్థం. 1999లో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దాకా పోయి నాశనమైంది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో పంపింది, ఇంకోటి న్యూటన్ల లెక్క అనుకుని తీసుకుంది. అంత పెద్దవాళ్లకే అలా జరిగింది. మన దగ్గర అంకె సరిగానే ఉంటుంది, అర్థం మారుతుంది. ఒక ప్రాజెక్టులో పాత కస్టమర్లను కొత్త సిస్టమ్‌కు తేవాలి. స్టేటస్ కోడ్ 7 అంటే 'క్లోజ్డ్' అని డాక్యుమెంట్‌లో ఉంది, వదిలేద్దామన్నారు. నాకు మనసొప్పక అకౌంట్స్‌లో ఒక పెద్దావిడ పక్కన మూడు రోజులు కూర్చున్నాను. ఆమె సొరుగులోంచి అట్ట చిరిగిన రూళ్ల నోట్‌బుక్ తీసింది. ఎర్ర పెన్నుతో కోడ్‌లన్నీ రాసుకుంది. "7 అంటే మూసేసినట్టు కాదు బాబూ, కోర్టులో ఉన్నట్టు. వీళ్లు మనకు ఇంకా బాకీ" అంది. వదిలేసి ఉంటే ఆ బాకీలన్నీ కొత్త సిస్టమ్‌లో కనిపించకుండా పోయేవి.

ఏఐ కోడ్ రాసేస్తోందన్న టెన్షన్ నీ గొంతులో తెలిసింది. రాయనీ. నేనూ వాడుతున్నా, ఒక సిస్టమ్ డేటాను ఇంకోదాని రూపంలోకి మార్చే మ్యాపింగ్ కోడ్ తొందరగా వస్తోంది. కోడ్ 7 సంగతి మాత్రం ఆ నోట్‌బుక్‌లో తప్ప ఎక్కడా లేదు.

టూల్స్ గురించి ఎక్కువ రాయను. మెసేజ్ క్యూలు నడిపే ఐబీఎం ఎంక్యూ 1993 నుంచి ఉంది, బ్యాంకుల్లో ఇంకా నడుస్తోంది. మెసేజ్‌లను పెద్ద ఎత్తున మోసే కాఫ్కా లింక్డ్‌ఇన్‌లో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్ అయింది. మ్యూల్‌సాఫ్ట్‌ను 2018లో సేల్స్‌ఫోర్స్ కొనేసింది. శాప్ వాళ్ల పాత ఇంటిగ్రేషన్ టూల్ పీఓకు మామూలు మెయింటెనెన్స్ 2027 చివరితో ఆగిపోతుంది, కాబట్టి దాన్నుంచి మారే పని చాలా కంపెనీల్లో ఉంది. నీకు జావా ఉంది కనుక కాఫ్కా, జావాలోనే సిస్టమ్‌లను కలిపే అపాచీ కామెల్ దగ్గరి తోవ. ఒకటి లోతుగా పట్టు, మిగతావి ఆర్నెల్లలో వస్తాయి.

ఇప్పుడున్న ఆఫీసు మారకు. మీ దగ్గర రెండు సిస్టమ్‌లను కలుపుతూ, ఎవరూ ముట్టని ఒక ఇంటర్‌ఫేస్ ఉంటుంది, రోజూ ఫెయిలయ్యేది. దాని సపోర్ట్ నాకివ్వండని అడుగు. సపోర్ట్ అంటే చిన్నతనం అనుకోవద్దు, నాకు వచ్చిందంతా లాగ్స్ (సిస్టమ్ తన పని రాసుకునే చిట్టా) చదివితే వచ్చిందే. ఎవరు పంపుతున్నారు, ఎవరు తీసుకుంటున్నారు, ఎప్పుడు, ఎంత, ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి, ఇదంతా ఒక్క పేజీలో రాసి రెండు వైపులవాళ్లతో ఔననిపించు. రెండు టీముల మేనేజర్లూ ఒకే పేజీకి ఔనన్న రోజు నువ్వు సగం ఆర్కిటెక్ట్‌వి. తెలుగు మీడియం అని కాల్స్‌లో వెనక్కి జరగకు. బోర్డు మీద గీత గీసి "ఇక్కడ ఆగింది" అని చూపించేవాడి ఇంగ్లిష్‌ను ఎవరూ పట్టించుకోరు, నేను చూశాను.

ఒకటి దాచకుండా చెబుతున్నా. సాయంత్రాలు పోతాయి. అమెరికా వాళ్లతో కాల్స్ రాత్రి పదింటి దాకా ఉంటాయి. ఈ ముక్క చెల్లెకు చదివి వినిపించు, ఆమె సరేనంటేనే దిగు.

వచ్చే ఆదివారం వచ్చేయ్. మీ ప్రాజెక్టులో ఏ సిస్టమ్ ఎవరితో మాట్లాడుతుందో పెన్సిల్‌తో కాగితం మీద గీసుకుని రా, వంకరగా ఉన్నా పర్లేదు. పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద కూర్చుని చూద్దాం. అమ్మ సర్వపిండి చేస్తానంది, నీకు ఎక్కువ పల్లీలు వేసి. ఏ రైలుకు వస్తున్నావో చెప్పు, కాజీపేటకు బండి తీసుకుని వస్తాను.

నీ
రవి