బైలకుప్పె భిక్షువుల రక్తపోటుపై కేంద్ర ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను మైసూరులో స్థిరపడిన తెలుగు నర్సును. ఉద్యోగ విరమణ చేశాక, ఎనభై కిలోమీటర్ల దూరంలోని బైలకుప్పెకు అప్పుడప్పుడు వెళ్ళి, అక్కడి టిబెటన్ ఆరామాల్లో పెద్ద వయసు భిక్షువులకు బీపీ చూసి వస్తుంటాను. ధ్యానం చేసుకునేవారికి బీపీ ఎందుకు వస్తుందని మా ఇంట్లోనే అడిగారు. వస్తుంది. ఒక వృద్ధ భిక్షువుకు 180/110 ఉంది. తలనొప్పి లేదు కదా అని ఆయన మాత్రలు మానేశారు. ఈ జబ్బు నొప్పి లేకుండానే గుండెనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుందని ఆయన భాషలో చెప్పడానికి ఒక కుర్ర భిక్షువు సాయం చేయవలసి వచ్చింది.

1959 తర్వాత శరణార్థులై వచ్చిన టిబెటన్లకు అప్పటి మైసూరు రాష్ట్రం ఇక్కడ భూమి ఇచ్చింది. చలిప్రాంతపు టీ అలవాటు కూడా వారి వెంటే వచ్చింది. వెన్న, ఉప్పు వేసి చిలికే ఆ టీని ‘పో చా’ అంటారు. తెల్లవారుజాము ప్రార్థనలో బారులు తీరి కూర్చున్నవారి మధ్య కుర్ర భిక్షువులు పెద్ద కెటిళ్ళతో తిరుగుతూ పోస్తారు. గిన్నె ఖాళీ అయితే మళ్ళీ నింపుతారు. ఆ తర్వాత గంటల తరబడి కదలకుండా కూర్చుని చదువు, పారాయణం.

పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్క భిక్షువు ఎలా వేసుకోగలడు? ఆయన వండుకోడు. ఉమ్మడి వంటశాలలో వండినది, వడ్డించినంత తింటాడు. ‘ఉప్పు తగ్గించండి’ అని మనం ఆయన చేతికి చీటీ రాసి ఇస్తాం. అది చేరవలసింది వందలమందికి వండే వంటపెద్దకు. ఆయనతో మాట్లాడిన వైద్య సిబ్బంది నాకు ఇంతవరకు కనబడలేదు.

2017లో మీ శాఖ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి మొదలుపెట్టిన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఆరామం లోపలికి కూడా రావాలి. నెలకొకసారి ప్రార్థన ముగిసిన చోటే బీపీ చూసి, మాత్రలు అక్కడే ఇవ్వండి. టిబెటన్ మాట్లాడగల ఆరోగ్య కార్యకర్త ఒక్కరైనా ఉండాలి. ముందుగా ఆ కెటిల్లో ఉప్పు ఎంత పడుతోందో కొలిపించండి. టీ మానిపించమని అడగడం లేదు. ఆ టీ వారికి సొంత ఇంటి గుర్తు. ఉప్పు సగం చేసి కొన్ని వారాలు పోయించి చూడమని వంటపెద్దను అడిగాను. పై నుంచి ఎవరైనా చెబితే చేస్తానన్నారు. ఆ మాట మీ శాఖ నుంచి వెళ్ళాలని కోరుతున్నాను.

ఇట్లు,
విధేయురాలు,
ఒక విశ్రాంత నర్సు, మైసూరు